గురుగ్రహం ముందు ఉపగ్రహం: ఆ ఫొటో నిజమేనా?

గురుగ్రహం ముందర అంతరిక్ష కేంద్రం నిలబడినట్టుండే ఫొటో మనలో చానామంది సెల్‌ఫోన్లో చూసినారు. అందులో కేంద్రమే గ్రహం కంటే పెద్దగా ఉంటుంది. "ఇది అతికించిన బొమ్మ. మనుషులు కట్టింది గురుగ్రహం కంటే పెద్దగా ఎట్లుంటుంది?" అని మన టెంత్ అన్నలు కొట్టిపారేశారు. అతికించినవీ ఉంటాయి, కాదనను. కానీ అట్లాంటి ఫొటోలు టెలిస్కోపు పెట్టి నిజంగా తీసినవాళ్ళు ఉన్నారు. ఎట్లా సాధ్యమో లెక్క వేసి చూద్దాం.

కంటి ముందు బొటనవేలు పెట్టుకుంటే ఎదురుగా ఉన్న కొండ దాగిపోతుంది. ఇదీ అంతే. అంతరిక్ష కేంద్రం పొడవు 109 మీటర్లు. అది మనకు పైన సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంది. గురుగ్రహం అడ్డకొలత 1,40,000 కిలోమీటర్లు, అయితే మనకు బాగా దగ్గరికి వచ్చినప్పుడు కూడా దాదాపు 60 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఒక డిగ్రీని 3,600 భాగాలు చేస్తే ఒక్కో భాగం వికల. అప్పుడు గురుగ్రహం మనకు సుమారు 45 వికలలు కనపడుతుంది. నడినెత్తిన పోయే కేంద్రం 55 వికలలు! అంటే ఫొటోలో అది పెద్దగా ఉండడమే న్యాయం.

అసలు కష్టం వేగంతో. కేంద్రం సెకనుకు 7.7 కిలోమీటర్లు పరుగెత్తుతుంది. గురుగ్రహాన్ని దాటడానికి దానికి పట్టేది సెకనులో 90వ వంతు. రెప్ప వేస్తే అయిపోయింది. బటన్ నొక్కి ఎవ్వరూ పట్టలేరు. అందుకని ముందే గురుగ్రహం మీద ఫోకస్ సరిచేసి, ఒక నిమిషం ముందు నుంచే వీడియో తీస్తారు. సెకనుకు 30 ఫ్రేములు తీసే ఫోనైతే ఒక్కదాంట్లో పడినా అదృష్టమే. 100 ఫ్రేములు తీసే కెమెరాలో రెండు మూడింట్లో పడుతుంది.

ఇంకొక చిక్కుంది, నాకు అన్నిటికంటే వింతగా తోచింది అదే. కేంద్రం నడినెత్తిన పోయేటప్పుడు అది సరిగ్గా గురుగ్రహం మీదుగా పోయినట్టు కనపడే చోటు నేల మీద ఒక సన్నటి పట్టీ మాత్రమే. వెడల్పు సుమారు 90 మీటర్లు, మన ఆటస్థలమంత! మదనపల్లెలో ఒకరు ఆ పట్టీలో నిలబడినారనుకోండి. కేంద్రం నైరుతి నుంచి ఈశాన్యానికి పోతూ వాళ్ళకు గురుగ్రహాన్ని దాటింది. అదే పోకడలో పుంగనూరు వాళ్ళకు అది గ్రహానికి దాదాపు 3 డిగ్రీలు పక్కగా పోతుంది, అంటే ఆరు చందమామలు వరుసగా పెట్టినంత దూరం. కుప్పం వాళ్ళకైతే సుమారు 6 డిగ్రీలు. అందుకే ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి కంప్యూటరుతో లెక్క వేయించుకుంటారు. కేంద్రం దారి కొంచెం కొంచెం మారుతుంటుంది కాబట్టి ముందురోజు మళ్ళీ లెక్క చూసుకోవాల్సిందే.

మన మాదిరి వాళ్ళు దీంతో మొదలుపెట్టడం దండగ అని నా అభిప్రాయం. గురుగ్రహానికి సొంత చందమామలు ఉన్నాయి కదా. 1610లో గెలీలియో చూసిన నాలుగింట్లో ఒకదాని పేరు అయో (పేరే అది, ఏడుపు కాదు). అది గ్రహం ముందు నుంచి పోవడానికి రెండుంబావు గంటలు పడుతుంది. అయో గ్రహం రంగులో కలిసిపోయి సరిగా కనపడదు గానీ దాని నీడ నల్లటి చుక్క మాదిరి మేఘాల మీద జరుగుతుంది. గాలి నిలకడగా ఉంటే ఆరంగుళాల టెలిస్కోపు చాలు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూళ్ళలోనూ ఒకే నిమిషంలో కనపడుతుంది, పట్టీ గొడవ లేదు. ఒక్క జాగ్రత్త: గురుగ్రహం పది గంటలకే ఒక చుట్టు తిరుగుతుంది. వీడియో రెండు మూడు నిమిషాలకు మించితే చారలు అలుక్కుపోతాయి.

ఇట్లా అడ్డం వచ్చేవాటిని కాచుకుని చూడడంలో మన పక్కనే పెద్ద కథ ఉంది. కుప్పం నుంచి సూటిగా కొలిస్తే 50 కిలోమీటర్లకు అటూ ఇటూగా, తమిళనాడు జవాది కొండల్లో కావలూరు అబ్జర్వేటరీ ఉంది. దాన్ని నెలకొల్పిన వేణు బప్పు గారు హైదరాబాదులో చదువుకున్నవారు. వాళ్ళ నాన్న అక్కడి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశారు. కావలూరుకు ఒక మీటరు టెలిస్కోపు వచ్చిన 1972లోనే, జూన్ 7న, గురుగ్రహపు చందమామ గానిమీడ్ ఒక నక్షత్రానికి అడ్డం వచ్చింది. గానిమీడ్ అడ్డకొలత దాదాపు 5,270 కిలోమీటర్లు కాబట్టి ఇక్కడి పట్టీ కూడా అంత వెడల్పు. కావలూరులోనూ జావా దీవిలోని లెంబాంగ్‌లోనూ చూశారు. ఫొటో కాదు, నక్షత్రం వెలుగును క్షణక్షణం కొలిచారు. గాలి లేని రాతిగుండు అడ్డం వస్తే వెలుగు దీపం ఆర్పినట్టు టక్కున పోవాలి. ఇక్కడ అట్లా పోలేదు. అందువల్ల గానిమీడ్‌కు పల్చటి గాలిపొర ఉందని 1973లో ప్రకటించారు.

చానా వ్యాసాలు ఇక్కడితో ఆపేస్తాయి. తర్వాత జరిగింది కూడా తెలియాలి. 1979లో వాయేజర్-1 పక్క నుంచి పోతూ కొలిస్తే, గాలి ఉన్నా 1973లో చెప్పినదానికంటే ఎంతో పల్చన అని తేలింది. 1990లలో హబుల్ టెలిస్కోపు అక్కడ అతి పల్చటి ఆక్సిజన్ జాడ పట్టింది.

వార్డెన్ సార్‌కు మనవి: ఈసారి టూరు లిస్టులో కావలూరు కూడా రాయండి సార్.