పుట్టకొక్కు తోక ఎంత లోతు?

తొలకరి పడి, రెండు రోజులు ఉక్కపోసి, మళ్లీ ఓ రాత్రి ఉరుములతో వాన దంచిందంటే హుమ్నాబాద్ చుట్టుపక్కల ఎర్రనేలల్లో పుట్టకొక్కుల కాలం వచ్చినట్టే. బీదర్ జిల్లాలోని ఈ తాలూకాలో వాటిని కన్నడంవాళ్లు అణబె అంటారు, మరాఠీవాళ్లు అళంబి అంటారు. 1956 నవంబరు దాకా బీదర్ జిల్లాలోనే ఉన్న జహీరాబాద్ వైపు తెలుగువాళ్లకు అవి పుట్టకొక్కులు. కోస్తావాళ్లు పుట్టగొడుగులంటారు.

పేరులో పుట్ట ఊరికే రాలేదు. ఫ్రెంచి శాస్త్రవేత్త రోజర్ హైమ్ 1942లో ఈ జాతికి టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టాడు. చెదపురుగు, బూజు అనే రెండు మాటలను కలిపి చేసిన పేరది. మన పల్లెలు ఆ పని ఎప్పుడో చేసేశాయి. చెదలు ఎండుటాకులు, పుల్లలు నమిలి, పుట్ట లోపల స్పాంజిలాంటి తుట్టెలు కడతాయి. ఆ తుట్టెల మీద ఈ శిలీంధ్రాన్ని పెంచుతాయి. అది కలపను అరిగించి పెడితే చెదలు తింటాయి. సుమారు 3 కోట్ల ఏళ్ల నాటి వ్యవసాయం ఇది! మనుషులు మాత్రం దీన్ని షెడ్లలో పండించలేకపోతున్నారు. అందుకే వానాకాలం వస్తే చాలు, బుట్ట పట్టుకుని బయల్దేరక తప్పదు.

చిక్కంతా కోయడంలోనే ఉంది. చాలామంది కాడను నేల మట్టానికి తుంచేస్తారు. మంచిదా విషపుదా అని చెప్పే అసలు గుర్తు నేల కిందే ఉండిపోతుంది.

చిన్న గునపంతో చుట్టూ మన్ను వదులు చేసి, కాడ వెంబడే దిగాలి. తొందరపడితే పుటుక్కున తెగుతుంది. తెల్లటి కాడ కిందికి పోయేకొద్దీ సన్నబడుతూ, రంగు ముదురుతూ, ఎలుక తోకలా సాగుతుంది. ఒక్కోసారి మూర లోతు తవ్వినా తుట్టె దొరకదు. అమానిటా అనే విషపు పుట్టగొడుగుల్లో అయితే కాడ అడుగున గుడ్డు పెంకు పగిలినట్టు తెల్లటి సంచి కనబడుతుంది. తుంచి తెచ్చినవాడికి ఈ రెండూ కనబడవు. తోక ఒక్కటే చాలదు సుమా, మిగతా గుర్తులూ కలవాలి. పైగా పుట్ట పక్కన గుంపులుగా పరుచుకునే చిట్టి రకానికి అంత పొడవు తోకే ఉండదు.

పచ్చికల్లో మొలిచే క్లోరోఫిల్లమ్ అనే విషపు రకానిది ఇంకో మోసం. లేతగా ఉన్నప్పుడు గొడుగు కింది రేకులు తెల్లగానే ఉంటాయి. తింటే కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలు. విప్పారిన గొడుగును కాగితం మీద బోర్లించి, పైన గిన్నె మూసి రాత్రంతా ఉంచితే రాలిన పొడి గుట్టు బయటపెడుతుంది: దీనిది ఆకుపచ్చ, పుట్టకొక్కుది లేత గులాబీ, అమానిటాది తెలుపు.

వెండి చెంచా నల్లబడితే విషమట, వెల్లుల్లి రంగు మారితే విషమట, పురుగు తింటే మంచిదట! ఒక్కటీ నిజం కాదు. అమానిటా విషం ఉడికించినా పోదు. తిన్నాక ఆరు నుంచి పన్నెండు గంటల దాకా ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు. అవి తగ్గి, మనిషి తేరుకున్నట్టు కనిపిస్తున్న రోజే లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. అస్సాంలో 2022 ఏప్రిల్‌లో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. ఎక్కువమంది తేయాకు తోటల కుటుంబాలవాళ్లే. అనుమానం వస్తే ‘తగ్గింది కదా’ అని ఆగకుండా, మిగిలిన ముక్కను కూడా పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి.

జాతీయ రహదారి అంచున మొలిచినవాటినీ, మందు కొట్టిన కంది చేల గట్ల మీదివాటినీ వదిలేయడమే మంచిది; నేలలో ఉన్నదాన్ని పీల్చుకోవడం శిలీంధ్రాల స్వభావం. ఇక సంతలో కొనేవాళ్ల సంగతి. కాడలు కోసి, కడిగి, తళతళలాడేలా పేర్చినవి కంటికి బాగానే ఉంటాయి గానీ గుర్తులన్నీ పోయి ఉంటాయి. మన్ను అంటుకుని, తోకలు వేలాడుతున్న బుట్ట దగ్గరే బేరం మొదలుపెట్టాలి.