చేతి గడియారములో అడవి బాట

అహోబిలము నుండి ఉగ్రస్తంభమునకు గాని, పావన నరసింహస్వామి గుడికి గాని నల్లమల కొండలలో నడచి పోవువారు కొందరు నేడు జి.పి.ఎస్. గడియారమును ధరించుచున్నారు. పోవలసిన బాట దానిపై సన్నని గీతగా కనిపించును. అయితే కొండల నడుమ సెల్‌ఫోను సంకేతము అందకపోవుట సామాన్యము. అట్టి చోట క్రొత్త బాటను గడియారములోనికి ఎక్కించుట సాధ్యమేనా? వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటు రాయలసీమలో ఇది వినోదమునకు వేయు ప్రశ్న కాదు. చేతిలోని నీరు అయిపోయిన పిదప దారి తప్పినచో ప్రాణమునకే ముప్పు.

ముందుగా రెండు సంగతులను వేరుచేసి చూడవలెను. తానున్న చోటు తెలియుట ఒకటి. పోవలసిన బాట తెలియుట మరొకటి. మొదటిదానికి ఇంటర్నెట్టు అక్కరలేదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహములు పంపు రేడియో సంకేతములను గడియారము వినును, బదులు పలుకదు. కనీసము 4 ఉపగ్రహముల సంకేతములు అందినచో, అవి వచ్చుటకు పట్టిన కాలమునుబట్టి తన అక్షాంశమును, రేఖాంశమును, ఎత్తును, తనలోని కాలదోషమును లెక్కగట్టుకొనును.

ఇక రెండవది బాట. బాట ఫైలు అనగా బిందువుల పట్టిక మాత్రమే. జి.పి.ఎక్స్. అను రకపు ఫైలును తెరచి చూచినచో, ఒక్కొక్క బిందువునకు అక్షాంశ రేఖాంశములు అక్షరములలోనే కనిపించును. గండికోట స్థానమును 14.81, 78.28 అని వ్రాయవచ్చును. అక్షాంశములో ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. కనుక రెండు దశాంశ స్థానములతో 1.1 కిలోమీటరు వరకే నిర్దేశింపగలము. అయిదు స్థానములు వ్రాసినచో 1.1 మీటరు వరకు నిర్దేశింపగలము. బిందువునకు 80 అక్షరముల చొప్పున 1,000 బిందువులకు 80,000 అక్షరములు, అనగా సుమారు 80 కిలోబైట్లు. ఫోనుతో తీసిన ఒక ఛాయాచిత్రము కంటె ఇది చాల చిన్నది.

మరి చిక్కెక్కడ? ఫోనులోని అనేక అనువర్తనములు ఈ ఫైలును తిన్నగా గడియారమునకు ఈయవు. మొదట ఎక్కడో ఉన్న తమ సంస్థ కంప్యూటరుకు పంపి, గడియారమునకు తగిన రూపములోనికి మార్పించి, తిరిగి తెప్పించుకొని, అప్పుడు బ్లూటూత్ ద్వారా అందించును. ప్రక్క ఇంటికి ఈయవలసిన చీటీని పట్టణపు తపాలా కార్యాలయము మీదుగా పంపినట్లే. ఫోను జేబులోను, గడియారము మణికట్టునను ఉన్నను, నడుమ ఇంటర్నెట్టు తెగినచో చీటీ చేరదు.

దీనికి ఉపాయములు మూడు. బాటను ఇంటివద్దనే ఎక్కించి, ఫోనును ఆపివేసి, గడియారములో తెరచి చూచుకొనుట మొదటిది, ఉత్తమమైనది. రెండవది, గడియారమును తీగతో కంప్యూటరుకు తగిలించి ఫైలును నకలు చేయుట. గార్మిన్ గడియారములు పెక్కింటిలో దీనికై ‘న్యూఫైల్స్’ అను అర ఉండును. మూడవది, ఫైలును ముందే ఫోనులో దాచుకొని, బ్లూటూత్ ద్వారా తిన్నగా పంపగల అనువర్తనమును వాడుట. ఫోనును విమాన స్థితిలో ఉంచి, బ్లూటూత్ మాత్రము తెరచి, ఇది జరుగునో లేదో ఇంటనే పరీక్షింపవచ్చును.

ఇంటర్నెట్టు లేనప్పుడు స్థానము తెలియుటకు మొదట కొంత జాగు కావచ్చును. ఉపగ్రహపు కక్ష్య వివరములను గడియారము ఆకాశము నుండియే వినవలెను. ఆ వివరములు 30 సెకనులకొకమారు ప్రసారమగును. కావున విశాలమైన ఆకాశము క్రింద కొన్ని నిమిషములు కదలక నిలిచి, పిదప బయలుదేరుట మంచిది.

దీని పరిమితులును తెలిసియుండవలెను. గండికోట వద్ద పెన్న లోయలోనికి దిగినచో బండ గోడలు ఆకాశములో కొంత భాగమును మరుగుపరచును. గోడలకు తగిలి మరలిన సంకేతములు లెక్కను తప్పించును. బెలుం గుహలలోపల సంకేతమే అందదు. వానకు పొంగిన వాగు సంగతి గడియారపు గీతకు తెలియదు. కావున నీటిని, కాగితపు పటమును, దారి తెలిసిన స్థానికుని విడువరాదు.

ఉపాధ్యాయులు ఒక బాట ఫైలును తరగతిలో తెరచి, అందలి పది బిందువులను గ్రాఫు కాగితముపై గుర్తింపజేయవచ్చును. అప్పుడొక సంగతి బయటపడును: మన ప్రాంతమున రేఖాంశములో ఒక డిగ్రీ 111 కాక, సుమారు 107.5 కిలోమీటర్లే. ఎందువలననో విద్యార్థులు భూగోళమును చేతబట్టి ఆలోచింతురు గాక.