సెన్సారు పట్టికలో ఖాళీ గడులు: క్లౌడ్ లాగ్‌ల పరిశీలన

నేల తేమ పట్టికలో ఖాళీ గడి కనబడగానే సెన్సారును నిందించడం, దానిని సున్నాతో పూరించడం పరిపాటి అయింది. రెండవది మరీ ప్రమాదకరం. నీటి తడుల లెక్కే తారుమారవుతుంది. రీడింగు సర్వరును చేరలేదా, చేరినా తిరస్కరణకు గురైందా అన్నది ముందు తేల్చాలి.

గూగుల్ క్లౌడ్ లాగింగ్ ఏపీఐ ద్వారా కాలవ్యవధి, తీవ్రత, స్థితి సంకేతం వంటి షరతులతో లాగ్‌లను వడపోయవచ్చు. స్థితి సంకేతం 400, ఆపైన ఉన్నవాటిని కోరితే విఫలమైన అభ్యర్థనలే మిగులుతాయి. అందులో 401 ఉంటే పరికరం ధ్రువీకరణ విఫలమైనట్లు. అసలు నమోదే లేకపోతే బ్యాటరీ, సిమ్, సిగ్నల్ వైపు చూడాలి. అయితే నమోదుల సమయం యూటీసీలో ఉంటుంది. మన ఉదయం 5 గంటల రీడింగును అక్కడ ముందురోజు రాత్రి 11.30కు వెదకాలి.

ఫలితాలు పుటలుగా వస్తాయి. ఖాళీ పుట వచ్చినా దానితో తదుపరి పుట టోకెన్ ఉంటే అన్వేషణ ఇంకా ముగియలేదు. విద్యార్థులు తరచు ఇక్కడే ఆగిపోతారు.

డిఫాల్ట్ బకెట్‌లో నమోదులు, గడువు మార్చకపోతే, 30 రోజులే నిలుస్తాయి. సుమారు 110 రోజుల వేరుశనగ కోతకు వచ్చాక వెదికితే విత్తిన నాటి ఆధారం దొరకదు. కనుక నిల్వ గడువును విత్తనానికి ముందే పెంచాలి, లేదా పక్షానికొకసారి వడపోసి భద్రపరచాలి.