పడుకోగానే లేచే పన్ను

పగలంతా కిక్కురుమనని పిప్పిపన్ను రాత్రి నడుం వాల్చగానే ఎందుకు పోటెత్తుతుందని సిద్దిపేట పాఠకురాలొకరు అడిగారు. ఇలాంటి ప్రశ్న వస్తే వదలబుద్ధి కాదు.

పన్ను సంగతి రెండు ముక్కల్లో: పైన ఎనామెల్, దాని కింద డెంటిన్, నడిమధ్య నరాలూ రక్తనాళాలూ నిండిన మెత్తటి పల్ప్. పుప్పి లోతుకు దిగినా, దెబ్బ తగిలినా, పన్ను బీటవారినా పల్ప్ వాస్తుంది.

అసలు తమాషా ఈ వాపులోనే ఉంది. చేతి మీద సెగ్గడ్డ లేస్తే చర్మం సాగి చోటిస్తుంది. పల్ప్ చుట్టూ ఉన్నది రాతిగోడ. వచ్చిపోయే దారల్లా వేరు కొసన సన్నటి రంధ్రమే. లోపల నీరు చేరితే పెరిగేది పీడనం. పడుకున్నామా, గుండె ఎత్తుకు దిగిన తలలో రక్తపు ఒత్తిడి ఇంకాస్త ఎక్కుతుంది. ఇక గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక పోటు!

ఈ లెక్క పట్టుకునే పాతతరం వాళ్లు ఒక సిద్ధాంతం అల్లారు: వాపు సిరల్ని నొక్కేస్తుంది, రక్తం వెనక్కి పోలేదు, పల్ప్ మొత్తం ఒక్కసారిగా ఉక్కిరిబిక్కిరై చస్తుంది. వినడానికి ఎంత బాగుందో! కానీ తప్పు. పీడనం కొలిచి చూస్తే వాచిన చోటే పెరిగింది, పక్కనే మామూలుగా ఉంది. పెరిగిన పీడనమే అదనపు నీటిని మళ్లీ రక్తనాళాల్లోకి, లింఫులోకి తోసేస్తుందని నార్వేలో కారిన్ హేయరాస్ చూపించారు. పల్ప్ చచ్చినా మూలమూలగా పోరాడి చస్తుంది.

మరి దోషి ఎవరు? 1965లో కాకెహాషి బృందం ఎలుకల పళ్లకు పల్ప్ దాకా రంధ్రం చేసి వదిలేసింది. మామూలు ఎలుకల్లో పల్ప్ కుళ్లింది. సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల్లో మాత్రం, రంధ్రంలో మేత ఇరుక్కున్నా సరే, కొత్త డెంటిన్ పుట్టి గాయాన్ని కప్పేసింది. దోషి బాక్టీరియా అన్నమాట.

చన్నీళ్లకు జివ్వుమని వెంటనే సర్దుకుంటే పల్ప్ కోలుకోవచ్చు. ఆ బాధ వదలకుండా సాగినా, వేడి కాఫీకి పోటెత్తినా ఆశ తక్కువ. కొందరు చన్నీళ్లు పుక్కిట పట్టుకునే డాక్టరు దగ్గరికి వస్తారు, చల్లదనానికే కాస్త ఉపశమనం కాబట్టి. ఏ పన్నంటే సరిగా చూపలేరు: పల్ప్ నరాలకు నొప్పి చెప్పడం వచ్చు, చోటు చెప్పడం రాదు. నొప్పి హఠాత్తుగా ఆగిందంటే చాలాసార్లు పల్ప్ చచ్చిందనే అర్థం. మనవాళ్లు తగ్గిందనుకుని డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేస్తారు. వైద్యమంటే పుప్పి తీసి పూడ్చడం, ముదిరితే రూట్ కెనాల్. మందుల షాపులో అడిగి కొనే యాంటీబయాటిక్ ఈ పోటును తగ్గించదు, అయినా పూటపూటా మింగుతూనే ఉంటారు.