కరకట్ట వెనుక పల్లం: ఒకప్పటి దీవి నార్డ్‌స్ట్రాండ్

ఉత్తర జర్మనీ పడమటి తీరంలో హూసుమ్ అనే పాత రేవు పట్టణం ఉంది. అక్కడి నుంచి కారులో పడమరగా బయలుదేరితే అరగంట లోపే నార్డ్‌స్ట్రాండ్ చేరుకోవచ్చు. పడవ ఎక్కే పని లేదు. ఎత్తైన మట్టికట్టలు, వాటి మీద మేసే గొర్రెలు, కట్ట వెనుక చదునైన పొలాలు, దూరంగా తిరిగే గాలిమరలు కనిపిస్తాయి. ప్రధాన భూభాగం ఎక్కడ ముగిసిందో, దీవి ఎక్కడ మొదలైందో కొత్తవారికి అంతుపట్టదు. నిజానికి ఇది ఇప్పుడు దీవి కాదు. 1930ల మధ్యలో వేసిన రోడ్డుకట్ట దీన్ని ఒడ్డుతో కలిపింది. 1987లో పూర్తయిన మరో కరకట్టతో ఇది ద్వీపకల్పంగా మారిపోయింది.

నార్డ్‌స్ట్రాండ్ వైశాల్యం సుమారు 50 చదరపు కిలోమీటర్లు. జనాభా రెండువేల పైచిలుకు. ఇక్కడ ఏ కరకట్ట ఎక్కి నిలబడినా రెండు దృశ్యాలు కనిపిస్తాయి. ఒక పక్క సముద్రం, మరో పక్క పంటపొలం. కాస్త నిదానంగా చూస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. కట్టకు అవతల ఉప్పుగడ్డి మొలిచిన బయలు ఉన్న చాలా చోట్ల, కట్టకు ఇవతల ఉన్న పాత పొలాలు దానికంటే పల్లంలో ఉంటాయి. సముద్రం వైపు నేల ఎత్తుగా, మనుషులు కాపాడుకుంటున్న నేల లోతుగా ఎందుకుంది? ఈ తీరపు వెయ్యేళ్ల చరిత్రకు కీలకం ఈ ప్రశ్నలోనే ఉంది.

రోజుకు రెండుసార్లు తేలే నేల

నెదర్లాండ్స్ నుంచి జర్మనీ మీదుగా డెన్మార్క్ వరకు సాగే ఈ లోతు తక్కువ సముద్రాన్ని వాడెన్ సముద్రం అంటారు. పోటు వచ్చినప్పుడు ఇదంతా నీరు. పాటు సమయంలో కిలోమీటర్ల కొద్దీ బురదనేల బయటపడుతుంది. నార్డ్‌స్ట్రాండ్ చుట్టుపక్కల పోటుకు, పాటుకు మధ్య నీటిమట్టంలో తేడా మూడు మీటర్లకు పైనే. నీరు తీసినప్పుడు తెలిసినవారి వెంట ఈ బురదలో నడవడం ఇక్కడికి వచ్చేవారికి ప్రధాన ఆకర్షణ. ఏటా కోటి వరకు వలసపక్షులు ఈ బురదలోని పురుగులను, నత్తలను, గుల్లలను తిని ప్రయాణానికి బలం పుంజుకుంటాయి. జర్మనీ, నెదర్లాండ్స్ భాగాలను 2009లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. డెన్మార్క్ భాగం 2014లో చేరింది.

పోటునీరు వట్టిగా రాదు. సన్నని ఒండ్రును మోసుకొస్తుంది. నీరు నిలకడగా ఉండే కాసేపట్లో ఆ ఒండ్రు అడుగున పేరుకుంటుంది. ఉప్పును తట్టుకునే మొక్కలు అక్కడ మొలిస్తే వాటి కాండాలు నీటి వేగాన్ని తగ్గిస్తాయి. దాంతో ఇంకొంచెం ఒండ్రు నిలుస్తుంది. ఇలా ఏటికేడు మిల్లీమీటర్ల చొప్పున నేల పైకి లేస్తుంది. సముద్రమట్టం నెమ్మదిగా పెరిగినా ఆ నేల కూడా దానితోపాటే పెరుగుతుంది. మన మడ అడవుల్లో జరిగేదీ ఇదే.

ఉప్పు కోసం తవ్విన నేల

సుమారు వెయ్యేళ్ల కిందట ఇక్కడి ఫ్రీజియన్ రైతులు ఈ బయళ్ల చుట్టూ కట్టలు వేయడం మొదలుపెట్టారు. వాననీరు బయటికి పోవడానికి కాలువలు తవ్వి, కట్టలో తూములు పెట్టారు. పాటు సమయంలో లోపలి నీటి ఒత్తిడికి తూము తలుపు తెరుచుకుంటుంది. పోటు వచ్చినప్పుడు బయటి ఒత్తిడికి మూసుకుంటుంది. చౌడు వదిలిన ఒండ్రునేల బంగారం పండింది. కాని అదే సమయంలో మూడు రకాలుగా నేల కిందికి దిగడం మొదలైంది.

మొదటిది, కట్ట వేశాక ఒండ్రు లోపలికి రావడం ఆగిపోయింది. రెండోది, నీరు తీసేసిన బంకమట్టి ఎండి, కుదించుకుపోయింది. ఆ మట్టి కింద పీట్ ఉంది. అంటే వేల ఏళ్లుగా నీటిలో సగం కుళ్లి పేరుకుపోయిన మొక్కల పొర. నీటి అడుగున గాలి తగలక అది అలాగే నిలిచి ఉంటుంది. నీరు తీయగానే ఆక్సిజన్ తగిలి కుళ్లి, కార్బన్ డయాక్సైడుగా గాలిలో కలిసిపోతుంది. మూడోది మనుషులు చేతులారా చేసిన పని. సముద్రపు ఉప్పు పట్టిన ఆ పీట్‌ను తవ్వి, ఎండబెట్టి, కాల్చి, బూడిదను ఉప్పునీటిలో కలిపి మరగకాచి ఉప్పు తీసేవారు. మధ్యయుగంలో ఈ తీరానికి అది లాభసాటి వ్యాపారం. తవ్విన మేరకు నేల పల్లమైంది.

నీరు పల్లమెరుగు అన్న సామెత ఈ తీరంలో భయంకరంగా నిజమైంది. 1362 జనవరిలో వచ్చిన ఉప్పెనలో రుంగ్‌హోల్ట్ అనే వర్తక గ్రామం చుట్టుపక్కల ఊళ్లతో సహా మునిగిపోయింది. చాలాకాలం దాన్ని కట్టుకథగానే చెప్పుకున్నారు. నార్డ్‌స్ట్రాండ్‌కు పడమర ఉన్న జుడ్‌ఫాల్ దీవి దగ్గర బురదను పరిశోధకులు అయస్కాంత, విద్యుదయస్కాంత, భూకంప తరంగ పద్ధతులతో శోధించారు. 2023లో వారు ఫలితాలు ప్రకటించారు. ఇళ్లు కట్టుకోవడానికి మనుషులు పోసిన మట్టిదిబ్బలు రెండు కిలోమీటర్ల పొడవున వరుసగా ఉన్నట్టు తేలింది. వాటిలో ఒకదాని మీద సుమారు 40 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉన్న చర్చి పునాది జాడలు దొరికాయి. అంత పెద్ద చర్చి ఉందంటే అది చిన్న పల్లె కాదని అర్థం.

ఒక్క రాత్రిలో ముక్కలైన దీవి

రుంగ్‌హోల్ట్ పోయాక మిగిలిన నేల స్ట్రాండ్ అనే పెద్ద దీవిగా ఉండేది. గుర్రపునాడా ఆకారంలో ఉన్న ఆ దీవి ధాన్యానికి, పశువులకు పేరుపడింది. 1634 అక్టోబరు 11 రాత్రి ఆ దీవి చరిత్ర ముగిసింది.

ఉత్తర సముద్రపు ఈ మూల గరాటులాంటిది. వాయవ్యం నుంచి బలమైన గాలి గంటల తరబడి వీస్తే నీరంతా ఈ మూలకు వచ్చి పోగుపడుతుంది. లోతు తక్కువ కావడంతో అది పైకి ఉబుకుతుంది. దానికి పోటు తోడైతే ఉప్పెనే. పైగా అప్పటి కట్టల్లో చాలా వాటికి సముద్రం వైపు నిట్టనిలువుగా కలప గోడ ఉండేది. వాలు ఉంటే అల పైకి పాకి బలం కోల్పోతుంది. నిలువు గోడను మాత్రం పూర్తి శక్తితో కొడుతుంది. ఆ రాత్రి స్ట్రాండ్ కట్ట పలుచోట్ల తెగింది. దీవిలో 6,000 మందికి పైగా చనిపోయారు. అది జనాభాలో దాదాపు మూడింట రెండు వంతులు. నెదర్లాండ్స్ నుంచి వచ్చి ఆ తీరంలో పనిచేస్తున్న జలనిర్మాణ నిపుణుడు యాన్ లేఖ్‌వాటర్ ఆ ఉప్పెన నుంచి బయటపడి తన అనుభవాన్ని రాసిపెట్టాడు.

ఉప్పెన తీసింది కాని, నేల తిరిగి రాలేదు. లోపలి నేల పోటుమట్టం కంటే పల్లంలో ఉండటంతో, గండ్ల గుండా రోజుకు రెండుసార్లు సముద్రం లోపలికి వచ్చి వెళ్లసాగింది. వచ్చిపోయే నీరు గండ్లను కోసి కాలువలుగా మార్చింది. అవి ఏటేటా లోతెక్కాయి. ఇప్పుడు నార్డ్‌స్ట్రాండ్‌కు, పెల్‌వోర్మ్ దీవికి నడుమ ఓడలు తిరిగే లోతైన పాయ ఒకప్పుడు స్ట్రాండ్ దీవి మధ్యభాగం. నార్డ్‌స్ట్రాండ్ రేవు నుంచి పెల్‌వోర్మ్‌కు వెళ్లే ఫెర్రీలో కూర్చున్నవారు మునిగిన పొలాల మీదుగానే ప్రయాణిస్తున్నారు.

పార దిగేసి వెళ్లిపోవాలి

ఈ తీరంలో పాత కట్టుబాటు ఒకటి ఉండేది. ప్రతి రైతూ తన వాటాకు వచ్చిన కట్టను తానే బాగుచేసుకోవాలి. చేయలేనివాడు పారను కట్టలో దిగేసి, భూమి మీద హక్కు వదులుకుని వెళ్లిపోవాలి. ఆ పారను పెకలించినవాడికి భూమీ దక్కుతుంది, కట్ట బాధ్యతా దక్కుతుంది. 1634 తర్వాత నార్డ్‌స్ట్రాండ్‌లో బతికి బయటపడ్డవారి దగ్గర కట్ట కట్టే డబ్బూ లేదు, మనుషులూ లేరు. చివరికి 1652లో గొట్టోర్ఫ్ పాలకుడు మూడవ ఫ్రీడ్రిష్ ఆ నేలను నెదర్లాండ్స్ ప్రాంతపు పెట్టుబడిదారులకు రాసిచ్చాడు. ఉప్పెనలో అయినవారిని పోగొట్టుకున్న రైతులు ఇప్పుడు చట్టం చేతిలో భూమినీ పోగొట్టుకున్నారు.

కొత్తగా వచ్చినవారు క్యాథలిక్కులు. చుట్టూ ఉన్నది ప్రొటెస్టెంట్ల ప్రాంతం. అయినా వారికి మతస్వేచ్ఛ ఇచ్చారు. అందుకే ఇంత చిన్న చోట వేర్వేరు శాఖల చర్చిలు నేటికీ కనిపిస్తాయి. కట్ట కట్టి సముద్రం నుంచి తీసుకున్న నేలను అక్కడ కోగ్ అంటారు. 1654లో మొదటి కోగ్ పూర్తయింది. తర్వాత ఒక్కొక్కటిగా కొత్త కోగ్‌లు చేరాయి. మ్యాపు మీద అవి అతుకుల బొంతలా ఉంటాయి. సాధారణంగా ముందు కట్టిన కోగ్ కంటే తర్వాత కట్టినదే ఎత్తులో ఉంటుంది. కారణం తేలికే. తర్వాత మూసిన చోటికి ఒండ్రు మరికొన్నేళ్లు చేరింది. ముందు మూసిన చోట నేల అన్నేళ్లుగా కుంగుతూ వచ్చింది.

కట్ట లేని చోట ఏం జరుగుతుందో చూడాలంటే దూరం వెళ్లనక్కర్లేదు. స్ట్రాండ్ ముక్కల్లో ఒకటైన నార్డ్‌స్ట్రాండిష్‌మోర్ ఒక హాలిగ్. అంటే ఎత్తైన కరకట్ట లేని చిన్న దీవి. ఇళ్లన్నీ మట్టిదిబ్బల మీదే ఉంటాయి. ఏడాదిలో చాలాసార్లు గడ్డిమైదానమంతా మునిగి, దిబ్బలు మాత్రమే నీటి పైన కనిపిస్తాయి. నీరు తీశాక పలుచని ఒండ్రు పొర మిగులుతుంది. హాలిగ్ ఎదగడానికి ఆధారం ఆ పొరే. ఒడ్డు కోసుకుపోకుండా కట్టిన రాతి అంచులు ఒండ్రు రాకను తగ్గిస్తున్నాయి. నేల పెరిగే వేగం సముద్రం పెరిగే వేగాన్ని అందుకోలేకపోతోందని కొన్ని హాలిగ్‌ల మీద జరిగిన కొలతలు చెబుతున్నాయి.

గంగా ముఖద్వారంలోనూ ఇదే లెక్క

ఇది యూరప్ కథ మాత్రమే కాదు. గంగా, బ్రహ్మపుత్రల డెల్టాలో, బంగ్లాదేశ్ తీరంలో 1960ల నుంచి కరకట్టలు వేసి వందకు పైగా పోల్డర్లను నిర్మించారు. పోల్డర్ అన్న మాట డచ్చి భాష నుంచి వచ్చిందే. ఖుల్నా జిల్లాలోని 32వ నంబరు పోల్డర్‌ను పరిశోధకులు కొలిచి 2015లో ఫలితాలు ప్రచురించారు. యాభై ఏళ్లలో పోల్డర్ లోపలి నేల, పక్కనే ఉన్న సుందర్‌బన్స్ మడ అడవి నేల కంటే ఒకటి నుంచి ఒకటిన్నర మీటర్ల దిగువకు చేరింది. 2009 మే నెలలో ఐలా తుపానుకు ఆ కట్ట తెగింది. గండ్లు పూడ్చేవరకు దాదాపు రెండేళ్లపాటు ఊళ్లలోకి పోటునీరు వచ్చిపోతూనే ఉంది. స్ట్రాండ్‌లో జరిగినదే ఇక్కడా జరిగింది. అయితే ఆ రెండేళ్లలో కొన్నిచోట్ల పదుల సెంటీమీటర్ల ఒండ్రు కూడా పేరుకుంది.

ఈ సంగతి అక్కడి రైతులకు ముందే తెలుసు. 1997లో బీల్ భైనా అనే చోట ఊరివాళ్లే కట్టకు గండి కొట్టి పోటునీటిని పల్లంలోకి రానిచ్చారు. కొన్నేళ్లలో ఒండ్రు చేరి నేల పైకి లేచింది, పూడిన నది లోతెక్కింది. తర్వాత ప్రభుత్వమూ ఈ పద్ధతిని మరికొన్ని చోట్ల అమలుచేసింది. కాని ఒండ్రు చేరే ఏళ్లలో పంట ఉండదు. ఆ నష్టం ఎవరు భరించాలన్న దగ్గరే తగాదా మొదలవుతుంది. పార దిగేసి వెళ్లిపోయిన నార్డ్‌స్ట్రాండ్ రైతు ముందున్నదీ ఇదే సమస్య.

ఆఖరి కట్ట

జర్మనీలో ఈ ఆలోచన మరో దారిలో వచ్చింది. 1962 ఉప్పెన తర్వాత కట్టల పొడవు తగ్గించి, ఎత్తు పెంచాలనుకున్నారు. నార్డ్‌స్ట్రాండ్‌కు ఉత్తరాన ఉన్న సముద్రాన్ని కట్టతో మూసే పని 1987లో పూర్తయింది. అలా ఏర్పడిన బెల్ట్రింగ్‌హార్డర్ కోగ్ సుమారు 33 చదరపు కిలోమీటర్లు. పక్షులు మేసే బురదనేల పోతుందని పర్యావరణవాదులు గట్టిగా వ్యతిరేకించారు. చివరికి ఆ నేలను దున్నలేదు. 1991 నుంచి అది రక్షిత ప్రాంతం. అందులో కొంత భాగంలోకి నేటికీ తూముల ద్వారా సముద్రపు నీటిని లెక్క ప్రకారం వదిలి, తీస్తున్నారు. మునిగిపోయిన స్ట్రాండ్ దీవిలోని ఒక మండలం పేరే ఈ కోగ్‌కు పెట్టారు.

1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగిందని, పెరిగే వేగం కూడా హెచ్చుతోందని వాతావరణ మార్పులపై ఐరాస నిపుణుల సంఘం అంచనా. అందుకే నార్డ్‌స్ట్రాండ్ పాత కోగ్ దగ్గర కట్టను కొత్త తరహాలో బలపరిచారు. సముద్రం వైపు వాలు ఇంకా తక్కువ, కట్ట నెత్తి ఇంకా వెడల్పు. భవిష్యత్తులో అవసరమైతే కట్ట అడుగును కదిలించకుండా పైన మరో పొర వేసుకోవడానికి ఆ వెడల్పు ఉపయోగపడుతుంది. నీరు ఎంత పెరుగుతుందో ముందే తేల్చి చెప్పలేనప్పుడు ఇది తెలివైన ఏర్పాటే.

అయితే పాత కోగ్‌ల లోపలి నేలను ఏ కట్టా పైకి లేపలేదు. వర్షాకాలంలో అక్కడి నీరు తూముల గుండా దానంతటది పోవాలంటే బయట పాటు తగినంత తగ్గాలి. సముద్రమట్టం పెరిగేకొద్దీ తూములు తెరుచుకునే సమయం తగ్గుతుంది. ఆ మేరకు పంపులు ఎక్కువసేపు తిరగాలి. ఈ తీరంలో ఇకపై కట్ట ఎత్తుతోపాటు లోపలి నీటిని తోడే ఖర్చునూ లెక్కలో వేసుకోక తప్పదు.