బి.డి. తరువాత పరిశోధనా పట్టాలకు ప్రవేశం: పల్నాడు కాపరులకు ఒక వివరణ

బి.డి. ముగించి సంఘ పరిచర్యలో ప్రవేశించిన యౌవన కాపరులు తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. "పిహెచ్.డి. చేయాలని ఉంది. నాకు అర్హత ఉందా? ఎక్కడ చేరాలి?" నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాలలో పని చేస్తున్న వారికి ఈ సంగతులు విడమరచి చెప్పేవారు తక్కువ. తెలియక కొందరు సంవత్సరాలు పోగొట్టుకుంటున్నారు. మరికొందరు విసిగి, డబ్బు చెల్లిస్తే వచ్చే బిరుదుల వైపు మళ్ళుతున్నారు. కనుక ఈ ప్రవేశం ఎలా జరుగుతుందో, అభ్యర్థి నుండి అది నిజంగా ఏమి కోరుతుందో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

1. రెండు దారులు

మొదటిది దైవశాస్త్ర విద్యలోని దారి. శ్రీరాంపూర్ కళాశాలను కేరీ, మార్ష్‌మన్, వార్డ్ 1818లో స్థాపించారు. 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన శాసనం దానికి పట్టాలిచ్చే అధికారం కల్పించింది. 1918 నాటి శ్రీరాంపూర్ కళాశాల చట్టం ఆ అధికారాన్ని సెనేట్ ద్వారా నడిపించే ఏర్పాటు చేసింది. 1964లో రాజమండ్రిలో ఆరంభమై, 1973లో హైదరాబాదుకు మారిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ఈ సెనేట్‌కు అనుబంధమైనదే. ఈ దారిలో బి.డి. తరువాత ఎం.టిహెచ్., దాని తరువాత డాక్టరేట్. పాత నిబంధన, క్రొత్త నిబంధన, క్రైస్తవ దైవశాస్త్రం, సంఘ చరిత్ర, మతములు మొదలైన శాఖలలో ఒకదానిని అభ్యర్థి ఎన్నుకోవాలి. బైబిలు శాఖలు కోరేవారికి హెబ్రీ, గ్రీకు భాషల పునాది లేకపోతే ఆరంభంలోనే ఇబ్బంది వస్తుంది.

రెండవది ప్రభుత్వ విశ్వవిద్యాలయాల దారి. మన ప్రాంతానికి దగ్గరలో 1976లో ఏర్పడిన ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ఉంది. చరిత్ర, తెలుగు, సమాజశాస్త్రం, తత్త్వశాస్త్రం వంటి విషయాలలో పరిశోధన చేయాలనుకొనే కాపరి ఇటువంటి విశ్వవిద్యాలయాలలో ఆ విషయానికి సంబంధించిన శాఖ ఎక్కడ ఉందో చూసుకోవాలి.

2. విశ్వవిద్యాలయ ప్రవేశ విధానం

విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అనగా యు.జి.సి., 2022 నవంబరులో పిహెచ్.డి. నిబంధనలను మార్చింది. వాటి ప్రకారం సాధారణంగా 55 శాతం మార్కులతో పి.జి. పట్టా ఉండాలి. ఎస్.సి., ఎస్.టి., క్రీమీలేయర్ కాని వెనుకబడిన తరగతులు, దివ్యాంగులు, ఆర్థికంగా వెనుకబడినవారికి 5 శాతం సడలింపు ఉంది. నాలుగేండ్ల డిగ్రీలో 75 శాతం తెచ్చుకున్నవారికి కూడా అవకాశం ఇచ్చారు. ఎం.ఫిల్.ను నిలిపివేశారు.

ప్రవేశం నెట్ వంటి జాతీయ పరీక్ష ద్వారా గాని, విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష ద్వారా గాని జరుగుతుంది. విశ్వవిద్యాలయం జరిపే పరీక్షలో సగం ప్రశ్నలు పరిశోధనా పద్ధతి పైన, సగం విషయం పైన ఉంటాయి. ఎంపికలో పరీక్షకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం లెక్క. 2024 జూన్ నెట్ నుండి ఆ పరీక్షలోనే కేవలం పిహెచ్.డి. ప్రవేశానికి అర్హత పొందే మూడవ వర్గాన్ని కూడా చేర్చారు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల కోసం ఏపీఆర్‌సెట్ అనే ఉమ్మడి పరీక్ష జరుపుతూ వచ్చారు. ఏ సంవత్సరం ఏ పద్ధతి అమలులో ఉందో ఆ సంవత్సరపు ప్రకటనలోనే చూసుకోవాలి.

పరీక్ష నెగ్గినంత మాత్రాన సీటు దొరకదు. ఒక ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర 6 మంది, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర 4గురు మాత్రమే పరిశోధకులుగా ఉండవచ్చు. మీ అంశం తెలిసిన గైడు దగ్గర ఖాళీ ఉండాలి. చేరిన తరువాత కనీసం 12 క్రెడిట్ల కోర్సు వర్కు ఉంటుంది. కనీస కాలం 3 సంవత్సరాలు, గరిష్ఠం 6 సంవత్సరాలు. తిరిగి నమోదు చేసుకుంటే మరి 2 సంవత్సరాలు ఇవ్వవచ్చు.

3. కాపరులు జాగ్రత్తగా చూడవలసినవి

మొదటిది, బి.డి. స్థానం. డిగ్రీ చదివిన తరువాత చేసినా, అది పేరును బట్టి బ్యాచిలర్ పట్టాయే. దానిని పి.జి.గా గాని, నాలుగేండ్ల డిగ్రీగా గాని విశ్వవిద్యాలయం లెక్కిస్తుందని మనమే ఊహించుకోకూడదు. దరఖాస్తుకు ముందే సమానత గురించి ఆ విశ్వవిద్యాలయానికి వ్రాసి, జవాబు వ్రాతపూర్వకంగా తీసుకోవాలి. పరిచర్య విడువలేనివారు గుర్తింపు పొందిన దూరవిద్య ద్వారా ఎం.ఏ. పూర్తి చేసి, తరువాత పరిశోధనకు వెళ్ళడం మేలైన మార్గం.

రెండవది, దూరవిద్యలో పిహెచ్.డి. లేదు. 2022 నిబంధనలు దానిని స్పష్టంగా నిషేధించాయి. అయితే పార్ట్ టైమ్ పిహెచ్.డి.కి అనుమతి ఉంది. దానికి పని చేస్తున్న సంస్థ నుండి అభ్యంతరం లేదనే పత్రం కావాలి. కాపరి విషయంలో ఆ సంస్థ సంఘమో, సినడో అవుతుంది.

మూడవది, కుల ధ్రువీకరణ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణల ప్రకారం ఎస్.సి. హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే. ఎస్.సి. నుండి క్రైస్తవ్యం స్వీకరించినవారిని మన రాష్ట్రం బి.సి.-సి వర్గంలో చేర్చింది. ఈ ఏర్పాటు న్యాయమా అన్నది వేరే చర్చ. దరఖాస్తులో మాత్రం ఉన్నది ఉన్నట్లుగా చూపాలి. సత్యం బోధించే కాపరి ప్రవేశం అసత్యపు పత్రం మీద నిలవకూడదు, నిలవదు కూడా.

4. ఇంటర్వ్యూ అడిగేది ప్రశ్నను

పై అర్హతలన్నీ ఉన్నా అనేకులు ఇంటర్వ్యూ దగ్గర ఆగిపోతారు. "మీరు ఏమి తెలుసుకోగోరుతున్నారు?" అన్నప్పుడు, ముందే తెలిసిన జవాబును ప్రసంగంలా చెబుతారు. ప్రసంగం నమ్మినదానిని ప్రకటిస్తుంది. పరిశోధన తెలియనిదానిని వెదకుతుంది. సువార్తికుడైన లూకా కూడా తొలినుండి జరిగినవాటిని తరచి విచారించిన తరువాతనే వ్రాయడానికి పూనుకున్నాడని మనకు తెలుసు.

"పల్నాడులో క్రైస్తవ్యం" పరిశోధనాంశం కాదు, అది ఒక ప్రాంతం పేరు మాత్రమే. 1842లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యరు 1849లో గురజాల చేరాడు. ఆనాటి నుండి 1900 వరకు గురజాల చుట్టుపట్ల ఏయే కుటుంబాలు బాప్తిస్మం పొందాయి, వారి కూలి, భూమి, వలస ఎలా మారాయి? ఇది ప్రశ్న. దీనికి ఏ గ్రామ సంఘాల పుస్తకాలు మిగిలి ఉన్నాయో ముందుగా వెదకి, ఆ జాబితాతో వెళ్ళిన అభ్యర్థి మాట గైడు వింటాడు.

ఇంకొకటి. బ్రహ్మనాయుడు పేరుతో చెప్పుకొనే చాపకూడు మన నేల మీది సహపంక్తి భోజన జ్ఞాపకం. కారెంపూడిలో వీరుల ఉత్సవాలలో నేటికీ దానిని జరుపుతారు. పల్నాటి వీరుల కథను గాయకుల నోట విని, అనువదించి, అధ్యయనం చేసి 1982లో గ్రంథంగా తెచ్చినవాడు జీన్ రోఘెయిర్ అనే విదేశీయుడు. ప్రభువు బల్ల దగ్గర మన సంఘాలు ఎవరితో కలిసి కూర్చున్నాయి, ఎవరితో కూర్చోలేదు అన్న ప్రశ్నను చాపకూడు ప్రక్కన పెట్టి అడగవలసినది మాత్రం మనమే.

ఇటువంటి పని సాధ్యమేనని పి. సాలొమోన్ రాజ్ చూపించారు. లూథరన్ సంఘానికి చెందిన ఆయన, దేవదాసు అయ్యగారి బైబిలు మిషనును అధ్యయనం చేసి 1986లో గ్రంథం ప్రచురించారు. మన మధ్య రోజూ కనిపించే సంఘమే ఆయనకు పరిశోధనాంశమైంది.

5. బిరుదు, భారం

నేడు ఫ్లెక్సీల మీద కాపరుల పేర్లకు ముందు "డాక్టర్" అన్న మాట విరివిగా కనిపిస్తున్నది. గౌరవ డాక్టరేట్ పరిశోధనా పట్టా కాదు. గుర్తింపు లేని సంస్థ సొమ్ము తీసుకొని ఇచ్చేది గౌరవం కూడా కాదు. పరీక్ష, ఇంటర్వ్యూ, కోర్సు వర్కు, సిద్ధాంత గ్రంథం ఇవన్నీ ఆటంకాలుగా కనిపించవచ్చు. కాని వ్రాసినదానిని ఇతరులు పరీక్షించిన తరువాతనే అది విద్యగా నిలుస్తుంది. ఆ పరీక్షను తప్పించుకున్న బిరుదు సంఘానికి ఏ ప్రశ్నకూ జవాబు తేలేదు.

అలాగని భారమంతా అభ్యర్థి మీద వేయడం న్యాయం కాదు. గోపురం కట్టేవాడు ముందుగా ఖర్చు లెక్క చూసుకోవాలన్న ఉపమానం సంఘానికి కూడా వర్తిస్తుంది. అభ్యంతరం లేదని సంతకం చేసిన సినడు, వారంలో రెండు రోజులు ఆ కాపరిని గ్రంథాలయానికి విడిచిపెట్టాలి. ఆ రోజులలో కూడికలు నడిపే మరొకరిని ఏర్పాటు చేయాలి. గ్రామ సంఘాల పెద్దలు పెట్టెలలో చెదలు పడుతున్న పాత బాప్తిస్మ, వివాహ పుస్తకాలను పొడిగా, భద్రంగా ఉంచాలి. అవి పోతే రేపు ఎంత మంచి అభ్యర్థికి ప్రవేశం దొరికినా చదవడానికి ఏమీ మిగలదు.

కనుక దరఖాస్తు నింపడానికి ముందు ప్రతి అభ్యర్థి ఒక కాగితం మీద మూడు వాక్యాలు వ్రాసుకోవాలి: నాకు తెలియనిది ఏమిటి, అది ఎక్కడ దొరుకుతుంది, దొరికితే నా సంఘానికి ఏమి మేలు. ఈ మూడూ వ్రాయగలిగినవారు సినడు పెద్దల దగ్గరకు, గైడు దగ్గరకు వెళ్ళవచ్చు. ఇంకా వ్రాయలేనివారు మరొక సంవత్సరం చదువుతూ సిద్ధపడడం మంచిది.