అక్కయ్య చేనికి నేను పంపిన నురగ

మా ఊరు హోసూరు దగ్గర, దక్షిణ పినాకిని ఒడ్డున ఉంది. నంది కొండల్లో పుట్టి కడలూరు దగ్గర సముద్రంలో కలిసే ఆ నదిని తమిళులు తెన్‌పెణ్ణై అంటారు. తరతరాలుగా అక్కడ తెలుగు మాట్లాడుతున్న మాకు మాత్రం అది ‘ఏరు’, అంతే.

చిన్నప్పుడు ఎండాకాలంలో ఏటి ఇసుకలో చెలమ తవ్వేవాళ్లం. మొదట ఊరే నీళ్లు బురదగా ఉండేవి. అవి తోడి పారబోసి, మళ్లీ ఊరేదాకా కూర్చోవాలి. ముంతతో తోడి కడవ నింపడం అక్కయ్య వంతు. కుక్కలు రాకుండా కాపలా నా వంతు. ఆ నీళ్ల రుచి వేరు. ఇప్పటివాళ్లకు చెబితే నవ్వుతారు.

ఉద్యోగం పేరుతో బెంగుళూరు చేరి కోరమంగళలో ఇల్లు కట్టుకున్నాను. ఆరుగురం ఉన్న ఇల్లు. రోజూ రెండు విడతలు బట్టల మిషను తిరుగుతుంది. నురగ బాగా రాకపోతే బట్టలు తెల్లబడినట్టు మా ఆవిడకు తృప్తి ఉండదు. నాకూ అంతే, ఆమెనొక్కదాన్నే అనడం దేనికి? ఆ నీళ్లు మోరీలో పడ్డాక ఎక్కడికి పోతాయో ఇద్దరమూ ఏనాడూ అడగలేదు.

పోయేది బెళ్లందూరు చెరువుకే. దాదాపు 900 ఎకరాల చెరువు. శుద్ధి కాని మురుగుతో పాటు సబ్బుపొడుల రసాయనాలూ అందులో చేరాయి. వాటిలోని ఫాస్ఫేట్లు గుర్రపుడెక్కకు ఎరువు. నీళ్లు మత్తడి దూకే చోట మిగతావి గాలిని పట్టుకుని నురగ కట్టి, గాలివాటుకు రోడ్డెక్కాయి. 2015లో ఆ నురగకు నిప్పంటుకుంది. 2018 జనవరిలో చెరువులో మళ్లీ మంటలు లేస్తే సైనికులు వచ్చి ఆర్పవలసి వచ్చింది. నీళ్లు తగలబడతాయని మా నాయనతో అంటే నాకు జ్వరమేమోనని నుదురు పట్టి చూసేవాడు! ఆ ఏడు డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ కర్ణాటక ప్రభుత్వానికి 50 కోట్లు, నగరపాలక సంస్థకు 25 కోట్లు జరిమానా వేసింది. తర్వాత పూడిక తీయడం మొదలైంది.

నేనూ ఒక అర్జీ పట్టుకుని వెళ్లాను. ఒక ఆఫీసువారు ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు. అక్కడివారు “నీళ్లు హద్దు దాటాక మాకు సంబంధం లేదు సార్” అన్నారు. మర్యాదగానే అన్నారు. అందుకే మరీ ఒళ్లు మండింది.

ఎందుకంటే బెళ్లందూరు నీళ్లు వర్తూరు చెరువులోకి, అక్కడినుంచి పినాకినిలోకి, హద్దు దాటి హోసూరు పక్కనున్న కెలవరపల్లి డ్యాముకు చేరతాయి. 2022 వానల్లో అక్కయ్య ఫోను చేసింది.

“ఏమప్పా, మీ బట్టలు ఉతికిన నీళ్లంతా మా కాడికి వచ్చేసినాయి కదా. రాగిచేని గట్టుమీద నురగ తెల్లగా కూర్చోనుంది.”

తమాషాకే అంది. నేను నవ్వలేకపోయాను. ఫ్యాక్టరీల పాపం లేదని కాదు, కానీ మా మిషను నీళ్లూ ఆ దారినే పోయాయి.

ఆదివారం మనవడితో వెళ్లాను. దారి పొడుగునా వాడికి చెలమ కథలే చెప్పాను. ఏటిగట్టు ఎక్కగానే వాడు “తాతా, మంచు!” అని కేకవేసి పరుగెత్తాడు. అక్కయ్య రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. కంపు ముక్కు పగిలిపోతోంది.

“చెలమ ఎక్కడ తాతా?” అన్నాడు వాడు.

ఇంటికొచ్చాక వాడి కాళ్లు కడగడానికి అక్కయ్య కేను వంచి చెంబులో నీళ్లు పట్టింది. కొన్న నీళ్లు.